మీ ఇంటి వైఫైకి తాళం మీరే వేయండి

మా పుట్టిల్లు తెనాలిలో. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు, నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే పక్క వీధి పిల్లాడు ఒకడు మా అరుగు మీద కూర్చుని ఫోన్‌లో గేమ్ ఆడుకుంటున్నాడు. "ఇక్కడెందుకు కూర్చున్నావ్ రా?" అంటే, "మీ వైఫై ఇక్కడిదాకా వస్తుంది అత్తా" అన్నాడు. పాస్‌వర్డ్ ఎవరు చెప్పారని అడిగాను. "తాతయ్య ఫోన్ నంబరే కదా, ఒకరు చెప్పాలా?" అన్నాడు.

పిల్లాడి మీద కోపం రాలేదు కానీ భయం వేసింది. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినతను నాన్న ఫోన్ నంబర్‌నే పాస్‌వర్డ్‌గా పెట్టి వెళ్ళాడు. ఆ నంబర్ పాలవాడి దగ్గర ఉంది, గ్యాస్ పుస్తకం మీద ఉంది, మేడ మీది వాటాకు కట్టిన టు-లెట్ బోర్డు మీద వీధి చివరికి కనిపించేంత పెద్దగా ఉంది. అదే వైఫై మీద నాన్న బ్యాంకు యాప్ చూసుకుంటారు. వరండాలో కెమెరా కూడా దాని మీదే నడుస్తుంది.

ఆ మధ్యాహ్నం కూర్చుని మొత్తం సరిచేశాను. గంటన్నర పట్టింది. ఏది ముందు, ఏది తరువాత చేయాలో ఆ వరుసలోనే చెబుతున్నాను. కొత్త కనెక్షన్ తీసుకుంటున్నవాళ్ళు మొదటి నుంచి చదవండి. ఇప్పటికే ఉన్నవాళ్ళు మూడో మెట్టు నుంచి మొదలుపెట్టవచ్చు. ఊళ్ళో పెద్దవాళ్ళు మాత్రమే ఉండే ఇల్లయితే, ఈసారి వెళ్ళినప్పుడు తప్పకుండా చేసి రండి.

1. బాక్స్‌కి చోటు ముందే చూసి పెట్టుకోండి

ఫైబర్ వేసేవాళ్ళు ఏ కిటికీలోంచి వైరు వస్తే ఆ కిటికీ పక్కనే బాక్స్ (వైఫై ఇచ్చే రౌటర్) బిగించి వెళ్ళిపోతారు. వాళ్ళకు రోజుకు పది ఇళ్ళుంటాయి, తప్పు పట్టలేం. కానీ ఆ చోటులో ఏళ్ళ తరబడి ఉండేది మీరు. అందుకని వాళ్ళు రాకముందే మీరే ఒక చోటు అనుకుని ఉంచండి.

ఇంటికి వీలైనంత నడిమధ్యలో, మనిషి తల ఎత్తులో, చుట్టూ ఖాళీగా ఉండే చోటు మంచిది. వైఫై అంటే రేడియో తరంగాలే. ఇనుము తగిలితే వెనక్కి కొడతాయి, నీళ్ళు తగిలితే ఇంకిపోతాయి. కాబట్టి ఇనప బీరువా మీద, ఫ్రిజ్ వెనక, టీవీ వెనక, చేపల తొట్టి పక్కన పెట్టకండి. నిలువుటద్దం వెనక ఉండే లోహపు పూత కూడా సిగ్నల్‌ని ఆపుతుంది. వంటింట్లో అసలే వద్దు. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, వైఫై ముఖ్యంగా వాడే రెండు బ్యాండ్‌లలో (2.4, 5 గిగాహెర్ట్జ్) మొదటిది సరిగ్గా అక్కడే ఉంది. ఓవెన్ తిరుగుతున్నంతసేపు వీడియో కాల్ ఆగి ఆగి వస్తుంటే కారణం అదే. బాక్స్ అందంగా లేదని చెక్క అలమరలో పెట్టి తలుపు వేసేవాళ్ళున్నారు. సిగ్నల్ సంగతి అటుంచితే, గాలి ఆడక బాక్స్ వేడెక్కి తొందరగా పాడవుతుంది.

గోడకు డ్రిల్ పెట్టకముందు ఒక పని చేయించండి. నాలుగైదు మీటర్ల ఫైబర్ ఎక్కువ వదలమని చెప్పి, బాక్స్‌ని ముందు ఒక స్టూల్ మీద పెట్టించండి. ఫోన్ పట్టుకుని ప్రతి గదిలో నిలబడి స్పీడ్ చూడండి. పడకగదిలో మంచం మీద కూర్చుని కూడా చూడండి, ఎందుకంటే మీరు నిజంగా వాడేది అక్కడే. నచ్చాకే బిగించమనండి. పది నిమిషాల పని, ఎవరూ కాదనరు.

ఫైబర్ వైరు లోపల ఉన్నది సన్నటి గాజు పోగు. కరెంటు వైరులా మూలల్లో మడిచి మేకు కొడితే వెలుగు లీకై స్పీడ్ పడిపోతుంది. గుండ్రంగా, వదులుగా చుట్టి ఉంచాలి. ఊడిపోయిన ఫైబర్ కొనను కంటికి దగ్గరగా పెట్టి ఎప్పుడూ చూడకండి, పిల్లలనూ చూడనివ్వకండి. అందులో వచ్చే లేజర్ వెలుగు మన కంటికి కనిపించని రకం. కనిపించనంత మాత్రాన హాని చేయదని కాదు.

తెనాలి ఇంటి లాంటి పాత ఇళ్ళలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడలుంటాయి. రెండు గోడలు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీరసించిపోతుంది. మేడ మీదికైతే ఇనప చువ్వల శ్లాబు అడ్డం. అలాంటప్పుడు చాలామంది సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే రిపీటర్ అనే చిన్న ప్లగ్ పరికరం కొంటారు. మామూలు రకం రిపీటర్ అదే గాలిలో విని, మళ్ళీ అదే గాలిలో చెప్పాలి, కాబట్టి స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. నా మాట వింటే ఆ డబ్బుతో క్యాట్6 ల్యాన్ కేబుల్ లాగించి, మేడ మీద రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే ఆ కేబుల్‌లో వచ్చే నెట్‌ని అక్కడ వైఫైగా ఇచ్చేలా, పెట్టించండి. వంద మీటర్ల దాకా కేబుల్‌లో స్పీడ్ తగ్గదు. కేబుల్ బిగించేటప్పుడు ఎనిమిది తీగలూ కలిపించండి. పని తొందరలో నాలుగే కలిపితే ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా ఆ చివర 100 ఎంబీపీఎస్ దాటదు, మీరేమో కంపెనీకి ఫోన్లు చేస్తూ ఉంటారు.

2. కరెంటు, లైట్లు

బాక్స్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది, ఎక్కువగా 12 ఉంటుంది. అదే వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి కొని మధ్యలో పెట్టండి. ఫైబర్ దారిలో ఒక వైరు వెలుగును ఇళ్ళకు పంచే స్ప్లిటర్‌లకు కరెంటు అక్కర్లేదు. ఆపరేటర్ ఆఫీసులో బ్యాటరీ ఉంటే చాలు, వీధంతా చీకటైనా మీ నెట్ నడుస్తుంది. ఇన్వర్టర్ ఉన్న ఇల్లయితే ఆ లైన్ ఉన్న ప్లగ్‌లోనే పెడితే సరిపోతుంది.

లైట్లలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో వెలుగు రావడం లేదని అర్థం. ఎక్కడో తెగింది లేదా వంగింది. ఆ సమయంలో మీరు సెట్టింగ్స్ మార్చినా, బాక్స్ పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు. ఫోన్ చేసి "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది" అని చెప్పండి, మనిషిని పంపుతారు.

3. బాక్స్ లోపలికి వెళ్ళండి

ఇక్కడి నుంచి అసలు పని. దీనికి ల్యాప్‌టాప్ ఉంటే మంచిది, ఫోన్ అయినా సరిపోతుంది. ఆ ఇంటి వైఫైకి కనెక్ట్ అయి ఉండాలి. ఫోన్‌లో చేస్తుంటే కాసేపు మొబైల్ డేటా ఆపేయండి, లేకపోతే కొన్ని ఫోన్‌లు ఆ దారిన వెళ్ళి పేజీ తెరుచుకోవడం లేదంటాయి.

బాక్స్‌ని తిరగేస్తే అడుగున స్టిక్కర్ ఉంటుంది. అందులో 192.168.1.1 లేదా 192.168.0.1 లాంటి అంకెలు, ఒక యూజర్‌నేమ్, ఒక పాస్‌వర్డ్ ఉంటాయి. స్టిక్కర్ చిరిగిపోతే, ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కి వివరాల్లో గేట్‌వే అనే చోట చూడండి, అవే అంకెలు కనిపిస్తాయి. బ్రౌజర్‌లో పైన వాటిని కొట్టండి. "ఈ సైటు సురక్షితం కాదు" అని హెచ్చరిక రావచ్చు. మీ ఇంట్లోని బాక్స్‌తోనే మాట్లాడుతున్నారు కాబట్టి ఇక్కడ మాత్రం ముందుకు వెళ్ళొచ్చు. బ్యాంకు సైటుకు అదే హెచ్చరిక వస్తే మాత్రం అక్కడే ఆగిపోవాలి.

స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ పనిచేయకపోతే, కనెక్షన్ ఇచ్చినతను మార్చి ఉంటాడు. ఫోన్ చేసి అడగండి. బిల్లు కట్టేది మీరు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కొన్ని కంపెనీలు పై స్థాయి లాగిన్ తమ దగ్గర ఉంచుకుని, మనకు కింది స్థాయిది మాత్రమే ఇస్తాయి. వైఫై పేరు, పాస్‌వర్డ్, తాళం రకం మార్చుకోవడానికి అది సాధారణంగా చాలు.

వెనకాల చిన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్‌ని పిన్నుతో గుచ్చే ఆలోచన మాత్రం ఇప్పుడే చేయకండి. అలా పది సెకన్లు నొక్కితే మీ పాస్‌వర్డ్‌తో పాటు కంపెనీ వాళ్ళు పెట్టిన కనెక్షన్ వివరాలు కూడా చెరిగిపోవచ్చు. వాళ్ళు మళ్ళీ వచ్చి పెట్టేదాకా నెట్ ఉండదు. పండగ రోజుల్లో ఆ వచ్చేది ఎప్పుడో చెప్పలేం.

4. రెండు పాస్‌వర్డ్‌లున్నాయి, మొదట మార్చాల్సింది కనిపించనిది

వైఫై పాస్‌వర్డ్ వీధి గేటు తాళం లాంటిది. ఇప్పుడు మీరు లోపలికి రావడానికి వాడిన అడ్మిన్ పాస్‌వర్డ్ బీరువా తాళం. చాలామందికి రెండోది ఉందనే తెలియదు. తెనాలి ఇంట్లో యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. అంటే అరుగు మీది పిల్లాడు అనుకుంటే మా నాన్ననే బయటికి నెట్టి తలుపు వేసుకోగలడు.

కాస్త నిదానంగా చెప్పాల్సిన సంగతి ఇది. మీ వైఫైలోకి వచ్చినవాడు మీ బ్యాంకు యాప్‌లోని వివరాలను అంత తేలిగ్గా చదవలేడు, అవి ఫోన్ నుంచి బ్యాంకు దాకా గుప్తంగానే వెళ్తాయి. అసలు ప్రమాదం వేరు. అడ్మిన్ పేజీ దొరికితే డీఎన్ఎస్ అనే చోట అంకెలు మారుస్తాడు. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే చిరునామా చెప్పే పుస్తకం. ఆ పుస్తకమే దొంగదైతే, మీరు సరైన పేరు కొట్టినా ఎక్కడికో తీసుకెళ్తుంది. పెద్దవాళ్ళు అక్కడ కనిపించిన పేజీని నమ్మి, హెచ్చరిక వచ్చినా దాటేసి, ఓటీపీ కొట్టేస్తారు. నాకు భయం వేసింది అందుకే.

2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతటా కెమెరాలను, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్‌లను, రౌటర్‌లను లక్షల్లో పట్టుకుంది. దానికి గొప్ప తెలివితేటలేమీ అవసరం కాలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు ఓ అరవై దాకా దగ్గర పెట్టుకుని, కనిపించిన ప్రతి తలుపు మీదా వాటిని ప్రయత్నించింది. చాలా తలుపులు తెరుచుకున్నాయి.

మేనేజ్‌మెంట్ లేదా సిస్టమ్ టూల్స్ అనే మెనూలో అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చే చోటు ఉంటుంది. మార్చండి. ఇది వైఫై పాస్‌వర్డ్‌తో ఒకటి కాకూడదు. వెంటనే ఒక కాగితం మీద రాయండి. రాయకుండా మెనూ మూయకండి.

5. వైఫై పేరు

ఫ్లాట్ నంబర్, ఇంటిపేరు, కంపెనీ పేరు పెట్టకండి. "ఫలానావారి 302" అని గాలిలో చాటితే, ఆ సిగ్నల్ ఎవరిదో, ఏ తలుపు తట్టాలో మీరే చెప్పినట్టు. అలాగే ఫ్యాక్టరీ పేరు అలాగే ఉంచితే బాక్స్ ఏ మోడలో తెలిసిపోతుంది. మీ ఇంట్లోవాళ్ళకు గుర్తుండే ఏదైనా మాట చాలు, మామిడిచెట్టు అనో, కొబ్బరాకు అనో పెట్టండి.

6. తాళం రకం

వైర్‌లెస్ సెక్యూరిటీ పేజీలో డబ్బా నొక్కితే నాలుగైదు రకాలు కనిపిస్తాయి. మీ బాక్స్‌లో డబ్ల్యూపీఏ3 ఉంటే దాన్ని, ఇంట్లో పాత ఫోన్‌లు, టీవీ ఉంటే డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 కలిసినదాన్ని ఎంచుకోండి. డబ్ల్యూపీఏ3 లేకపోతే డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే, దాని పక్కన ఏఈఎస్. టీకేఐపీ అనే పాత రకం ఎక్కడ కనిపించినా వదిలేయండి.

డబ్ల్యూఈపీ అని ఉంటే అది 1997 నాటి తాళం, 2001లోనే దాన్ని పగలగొట్టే పద్ధతి బయటపడింది. ఇప్పుడది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మీ బాక్స్‌లో అదొక్కటే ఉంటే ఆ బాక్స్‌ని మార్చమనండి. డబ్ల్యూపీఏ2 వచ్చింది 2004లో. 2017లో అందులో కూడా క్రాక్ అనే లోపం బయటపడితే, ఫోన్‌లకు, రౌటర్‌లకు అప్‌డేట్‌లు ఇచ్చి పూడ్చారు. అప్‌డేట్ చేసిన పరికరాల్లో అది ఇప్పటికీ మంచి తాళమే. మరుసటి ఏడాది డబ్ల్యూపీఏ3 వచ్చింది.

"ఓపెన్" అనేది మాత్రం ఎప్పుడూ వద్దు. ఎవరో పేదపిల్లలు వాడుకుంటారులే అనే మంచి మనసుతో తెరిచి ఉంచేవాళ్ళను చూశాను. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్ళకు కొన్ని నిమిషాల ముందు వార్తా సంస్థలకు ఒక ఈమెయిల్ వెళ్ళింది. దాని జాడ పట్టుకుని పోలీసులు నవీ ముంబైలో ఒక అమెరికా దేశస్థుడి ఫ్లాట్‌కి చేరారు. ఆయన వైఫైకి తాళం లేదు, ఎవరో దాన్ని వాడుకుని పంపారు. ఆయన మాత్రం విచారణను ఎదుర్కోవాల్సి వచ్చింది. బయటి ప్రపంచానికి మీ ఇంట్లోని ఫోన్‌లన్నీ ఒకే చిరునామాతో కనిపిస్తాయి, ఆ చిరునామా మీద ఉండేది బిల్లు కట్టేవాళ్ళ పేరు.

7. పాస్‌వర్డ్

ఫోన్ నంబర్ ఎందుకు వద్దో లెక్క చూడండి. మన మొబైల్ నంబర్‌లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి, తరువాత తొమ్మిది అంకెలు. మొత్తం 400 కోట్ల నంబర్‌లు. వినడానికి చాలా ఎక్కువే. కానీ డబ్ల్యూపీఏ2లో దొంగ మీ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కటీ ప్రయత్నించక్కర్లేదు. మీ ఫోన్ వైఫైకి కనెక్ట్ అయ్యే క్షణంలో జరిగే పలకరింపును గాలిలోంచి పట్టుకుని, ఇంటికి తీసుకెళ్ళి, తీరిగ్గా తన కంప్యూటర్‌లో సరిపోల్చుకుంటాడు. ఈ రోజుల్లో గేమ్‌ల కోసం కొనే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు పది లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తుంది. 400 కోట్లను పది లక్షలతో భాగిస్తే 4,000 సెకన్లు. అంటే గంటా ఏడు నిమిషాలు. మీ నంబర్ తెలియనివాడికి కూడా అంతే పడుతుంది. తెలిసినవాడికి అదీ పట్టదు.

పుట్టినతేదీలు, పిల్లల పేరు పక్కన 123, బండి నంబర్, దేవుడి పేరు, ఇవన్నీ దొంగల జాబితాల్లో మొదటి పేజీల్లోనే ఉంటాయి.

అలాగని గుర్తుంచుకోలేని గజిబిజి కూడా వద్దు. పెద్దవాళ్ళ ఇంట్లో అది నాలుగు రోజులు కూడా నిలవదు, ఎవరో ఒకరు మళ్ళీ ఫోన్ నంబర్ పెట్టించేస్తారు. నేను చేసేది ఇది. ఏదైనా లావుపాటి తెలుగు పుస్తకం లేదా పాత వారపత్రిక తీసుకుని, కళ్ళు మూసుకుని పేజీ తెరిచి వేలు పెట్టండి. తగిలిన మాట రాసుకోండి. ఇలా నాలుగైదు మాటలు. ఉదాహరణకు గొడుగు, నెమలి, కుంపటి, తొందర. మధ్యలో చిన్న గీతలు పెట్టి, ఇంగ్లిష్ అక్షరాల్లో, అన్నీ చిన్నబడిలో కొట్టండి. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు కాబట్టి చోటుకు కొదవ లేదు. అయిదు వేల మాటల్లోంచి గుడ్డిగా నాలుగు ఏరినా, అన్నీ ప్రయత్నించడానికి ఇందాకటి కార్డుకు దాదాపు ఇరవై ఏళ్ళు పడుతుంది. అయిదో మాట కలిపితే దానికి అయిదు వేల రెట్లు. గుడ్డిగా ఏరడమే ఇందులో కీలకం. మీకు నచ్చిన మాటలు మీరే ఏరుకుంటే అవి పాట పల్లవో సామెతో అయి కూర్చుంటాయి. నేను ఇక్కడ రాసిన నాలుగు మాటలు కూడా వాడకండి, ఇవి ఇప్పుడు అందరూ చదివినవి.

దీని వల్ల ఇంకో లాభం, అమ్మ దాన్ని ఫోన్‌లో నోటితో చెప్పగలదు. స్పెల్లింగ్ మీరు ఎలా రాశారో కాగితం మీద ఒకసారి చూపించి, చదివించండి.

ఇక్కడ రెండు చోట్ల జనం తడబడతారు. ఒకటి, 2.4 గిగాహెర్ట్జ్‌కి ఒక పేజీ, 5 గిగాహెర్ట్జ్‌కి ఇంకో పేజీ ఉంటాయి. ఒకదాంట్లో మార్చి రెండోదాన్ని మరిచిపోతారు, పాత పాస్‌వర్డ్ ఆ పక్క తలుపులో అలాగే ఉండిపోతుంది. రెండూ మార్చండి. రెండోది, సేవ్ నొక్కగానే మీరే బయట పడతారు, నెట్ పోయినట్టు కనిపిస్తుంది. టెన్షన్ పడకండి. కొత్త పేరు వెతికి, కొత్త పాస్‌వర్డ్‌తో మళ్ళీ కనెక్ట్ అవ్వండి. ఇంట్లో అందరి ఫోన్‌లు, టీవీ, కెమెరా కూడా ఇలాగే మళ్ళీ కలపాలి. అందుకని ఈ పని సీరియల్ టైంలో పెట్టుకోకుండా మధ్యాహ్నం చేయండి.

8. ఆపేయాల్సినవి

డబ్ల్యూపీఎస్ ఆపేయండి. బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా కనెక్ట్ అయ్యే సౌకర్యం అది. దాంతోపాటే ఎనిమిదంకెల పిన్ ఒకటి ఉంటుంది. బాక్స్ ఆ పిన్‌ని రెండు ముక్కలుగా చూస్తుంది, చివరి అంకె మిగతా వాటిని బట్టే వస్తుంది, కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే తేలింది. మీ పాస్‌వర్డ్ ఎంత బలమైనదైనా ఈ కిటికీలోంచి లోపలికి రావచ్చు.

రిమోట్ మేనేజ్‌మెంట్ లేదా వ్యాన్ యాక్సెస్ అనేది (బయటి ఇంటర్నెట్ నుంచి అడ్మిన్ పేజీని తెరవనిచ్చేది) ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఇంట్లోని పరికరాలు మీకు చెప్పకుండానే బయటికి దారులు తెరుచుకునే యూపీఎన్‌పీ కూడా ఆపండి. ఆపాక పిల్లల ఆన్‌లైన్ గేమ్‌లో ఏదైనా ఇబ్బంది వస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

వైఫై పేరు దాచిపెట్టడం, మ్యాక్ ఫిల్టర్ (ప్రతి పరికరానికి ఉండే మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు నంబర్ జాబితాలో ఉంటేనే రానివ్వడం) పెట్టడం గురించి యూట్యూబ్‌లో గంటలు గంటలు చెబుతారు. వాటి మీద సమయం పెట్టకండి. పేరు దాస్తే మీ ఫోనే ఎక్కడికి వెళ్ళినా "ఆ పేరు ఇక్కడుందా" అని అడుగుతూ తిరుగుతుంది, వినేవాడికి వినిపిస్తుంది. మ్యాక్ అడ్రస్‌ని ఎవరైనా నకలు చేయగలరు. పైగా ఇప్పటి ఫోన్‌లు తమ అసలు మ్యాక్ అడ్రస్‌ని చెప్పకుండా ఒక్కో వైఫైకి ఒక్కో మారు అడ్రస్ ఇస్తాయి, మీరు రాసుకున్న జాబితాలో మీ ఇంట్లోవాళ్ళకే చోటు దొరకదు.

9. చుట్టాలకు, కెమెరాలకు వేరే గది

మన ఇళ్ళల్లో వచ్చినవాళ్ళకు మంచినీళ్ళ తరువాత అడిగేది వైఫై పాస్‌వర్డే. కాదనలేం, కాదనక్కర్లేదు కూడా. గెస్ట్ నెట్‌వర్క్ అని బాక్స్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, దానికి వేరే పేరు, తేలికైన వేరే పాస్‌వర్డ్ పెట్టండి. తేలిక అంటే చెప్పడానికి తేలిక, ఫోన్ నంబర్ కాదు. అందులోకి వచ్చినవాళ్ళకు నెట్ వస్తుంది, మీ ఇంట్లోని కంప్యూటర్, ప్రింటర్, అడ్మిన్ పేజీ కనిపించవు. లోపలి నెట్‌వర్క్‌ని చూడనివ్వాలా అని ఒక గడి ఉంటే దానికి టిక్ తీసేయండి. పెళ్ళో, వ్రతమో అయిపోయాక ఆ పాస్‌వర్డ్ మారిస్తే సరి, మీ ఫోన్‌లు ఏవీ కదలవు.

కెమెరా, స్మార్ట్ బల్బు, చవకరకం టీవీ బాక్స్ లాంటివి కూడా గెస్ట్‌లోనే పెట్టండి. వాటికి అప్‌డేట్‌లు వచ్చేది తక్కువ, ఏదో ఒకరోజు వాటిలోంచే ఎవరో దూరవచ్చు. అవి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి, డబ్ల్యూపీఏ3 అర్థం కాదు, కాబట్టి గెస్ట్‌ని 2.4 మీద, డబ్ల్యూపీఏ2తో ఉంచండి. కెమెరా సొంత పాస్‌వర్డ్ కూడా మార్చాలి. బిగించినవాళ్ళు అన్ని ఇళ్ళకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టడం నేను రెండు మూడు చోట్ల చూశాను. ఆ కెమెరా మీ పడకగది గుమ్మం వైపు చూస్తుంటే సంగతి ఆలోచించండి.

పాస్‌వర్డ్ చెప్పడానికి బదులు క్యూఆర్ చూపిస్తే ఇంకా సులువు. ఆండ్రాయిడ్ 10, ఆపైన ఉన్న ఫోన్‌లలో వైఫై వివరాల్లో షేర్ నొక్కితే వస్తుంది. గెస్ట్‌ది ప్రింట్ తీసి హాల్లో అంటించండి. ఆ బొమ్మ కిందే పాస్‌వర్డ్ కూడా రాసి ఉంటుంది కాబట్టి ఇంటి వైఫైది మాత్రం ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి.

10. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకు

హైదరాబాద్ ఫ్లాట్‌లలో ఫోన్ తీస్తే ఇరవై వైఫైలు కనిపిస్తాయి. సిగ్నల్ నిండుగా ఉన్నా స్పీడ్ రాకపోవడానికి కారణం ఎక్కువగా అదే, అందరూ ఒకే సందులో మాట్లాడుతుంటారు. 2.4లో ఒకదానికొకటి తగలని సందులు, అంటే ఛానెల్‌లు, మూడే, 1, 6, 11. వైఫై ఎనలైజర్ యాప్ ఒకటి పెట్టుకుని, ఏది ఖాళీగా ఉందో చూసి అది ఎంచుకోండి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. ఫోన్‌లు, ల్యాప్‌టాప్, టీవీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. అది గోడలు దాటలేకపోవడమే ఇక్కడ మేలు, పక్క ఫ్లాట్ వాళ్ళది మీ దాకా రాదు.

11. ఎవరున్నారో చూడండి, అప్‌డేట్ చేయండి

అంతా అయ్యాక అడ్మిన్ పేజీలో కనెక్టెడ్ డివైజెస్ అనే చోట చూడండి. ఒక్కో ఫోన్ వైఫై ఆపి, జాబితాలో ఏది పోయిందో చూస్తే ఏది ఎవరిదో తెలుస్తుంది. తెనాలిలో పాస్‌వర్డ్ మార్చకముందు పద్నాలుగు ఉన్నాయి. ఇంట్లో లెక్కపెడితే ఆరే. మార్చాక ఆరే మిగిలాయి.

అదే మెనూలో ఫర్మ్‌వేర్ (బాక్స్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చేయండి, ఆటోమేటిక్ అని ఉంటే ఆన్ చేయండి. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే బాక్స్ పాడయ్యే ప్రమాదం ఉంది, మినీ యూపీఎస్ మీద ఉన్నప్పుడే మొదలుపెట్టండి. కంపెనీ బాక్స్ అయితే అప్‌డేట్‌లు వాళ్ళే పంపుతారు, ఆ మెనూ మీకు కనిపించకపోవచ్చు. బాక్స్ మరీ పాతదైతే కొత్తది ఇవ్వమని అడగండి.

రెండు పాస్‌వర్డ్‌లు, గెస్ట్‌ది, కస్టమర్ ఐడీ, కంప్లయింట్ నంబర్, ఇవన్నీ రాసిన కాగితాన్ని నేను అమ్మ బీరువాలో చీరల మడతల మధ్య పెట్టాను. ఇంట్లో దాచుకున్న కాగితం ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్న దొంగకు దొరకదు, పెద్దవాళ్ళకు అవసరమైనప్పుడు దొరుకుతుంది. ఎవరైనా ఫోన్ చేసి "మీ నెట్ ఆగిపోతుంది, పాస్‌వర్డ్ చెప్పండి" అంటే చెప్పొద్దని, ముందు నాకు ఫోన్ చేయమని ఆ కాగితం మీదే పెద్ద అక్షరాలతో రాశాను.

అరుగు మీది పిల్లాడు సాయంత్రం మళ్ళీ వచ్చి, "వైఫై పోయింది అత్తా" అన్నాడు. గెస్ట్ పాస్‌వర్డ్ వాడికి నేనే చెప్పాను.